ఈస్ట్ ఫేసింగ్ వంకాయలు

ఆ శుక్రవారం పొద్దున వైస్ ఛాన్సలర్ సూర్యప్రభ సిటీబస్సు దిగేసరికి ఆవిడ చేతిలో గొడుగు, భుజాన గుడ్డసంచీ, సంచీలో తోటకూర విత్తనాలు ఉన్నాయి. యూనివర్సిటీ కారుకు పెట్రోలు కోత పెట్టింది ఆవిడే. మొదటి కోత తనకే పెట్టుకుంటే రెండో కోత గురించి ఎవరూ నోరెత్తరని ఆవిడ సిద్ధాంతం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చే ఆ బస్సులో యూనివర్సిటీ ప్యూన్ లేచి సీటివ్వడం, ఆవిడ వద్దనడం, ఇద్దరూ మర్యాదకు నిలబడిపోవడం, ఆ సీట్లో మూడోవాడెవడో కూర్చోవడం రోజూ జరిగే తంతు.

ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డు మీద కొంత దూరం వెళ్తే ముచికుందా విశ్వవిద్యాలయం వస్తుంది. కొత్త యూనివర్సిటీ. నాలుగు బిల్డింగులు, ఒక ఆడపిల్లల హాస్టల్, మిగతాదంతా ఖాళీ నేల. చుట్టూ మాత్రం ఖాళీ అన్నది వేగంగా మాయమైపోతోంది. నిన్న జొన్నచేను, ఇవాళ తెల్లరాళ్ళు, రేపు ఏదో ఒక నగర్. ఆ ఏడాది ఆ రోడ్డు మీద పంటల కన్నా కాలనీలే ఎక్కువ పండాయి.

సూర్యప్రభ సమస్య నీళ్ళు. హాస్టల్ బోరు వేసవిలో ఎండిపోయింది. ట్యాంకర్లతో నెట్టుకొస్తున్నారు. ప్రభుత్వం మాత్రం తేల్చి చెప్పేసింది. ట్యాంకర్లకు డబ్బు లేదు. కొత్త బోరుకు అసలే లేదు. నెలాఖరులోగా సొంతంగా ఏదో దారి చూసుకోండి, లేదంటే హాస్టల్ మూసి పిల్లల్ని ఇళ్ళకు పంపండి.

ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆవిడకు అన్నం సయించడం లేదు. ఆ పిల్లలు చౌటుప్పల్ నుంచీ, ఇబ్రహీంపట్నం నుంచీ, ఇంట్లో పోట్లాడి వచ్చినవాళ్ళు. ట్రంకుపెట్టెతో ఇంటికి తిరిగెళ్ళిన ఆడపిల్ల మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు. పెట్టె కింద పెట్టేలోగా సంబంధం కుదిర్చేస్తారు.

ఆవిడ వృక్షశాస్త్రం ప్రొఫెసర్. ఆలోచన కూడా మొక్కలోంచే మొలిచింది. గేటు బయట, రోడ్డు పక్క ఖాళీ నేలలో కూరగాయలు పండిస్తే మెస్సు ఖర్చు తగ్గుతుంది. ఆ మిగులుతో ట్యాంకర్లు తెప్పించవచ్చు. తొలకరి పడింది కనక మొక్కలకు నీళ్ళు పైనుంచే వస్తాయి. డిపార్ట్‌మెంటుకొక మడి. ప్రొఫెసర్లే పలుగు పట్టాలి. ఈ చివరి మాట చెప్పడానికే ఆవిడకు ధైర్యం చాలక, విషయాన్ని సోమవారం మీటింగు దాకా దాచిపెట్టింది. తెలిసినవాడు ఒక్కడే. తోటమాలి భిక్షపతి.

కథ అక్కడే అడ్డం తిరిగింది.

ఒక్కో మడికి మూలల్లో ఏదైనా గుర్తు పెట్టమని ఆవిడ ముందురోజు అతనికి చెప్పింది. నేల మీద గుర్తు పెట్టడానికి భిక్షపతికి తెలిసిన పద్ధతి ఒక్కటే. ఆర్నెల్లుగా సెలవు రోజుల్లో అతను యూనివర్సిటీ వెనకాల బాలకృష్ణా నగర్ అనే వెంచర్‌లో రాళ్ళు పాతే కూలికి వెళ్తున్నాడు. పాత కంచె తాలూకు విరిగిన రాతి కడీలన్నీ ఏరుకొచ్చాడు. తాడు పట్టి వరసగా పాతాడు. సున్నం కొట్టాడు. ఎర్రరంగుతో నంబర్లు వేశాడు. మధ్యలో లారీ పట్టేంత దారి వదిలాడు. మేడం ఎండలో నిలబడతారేమోనని స్నాతకోత్సవం నాటి షామియానా తెచ్చి కట్టాడు.

సూర్యప్రభ చూసి ముచ్చటపడిపోయింది.

"ఎంత తీరుగా చేశావయ్యా! మధ్యలో ఇంత వెడల్పు దారి ఎందుకు?"

"తొవ్వ లేకుంటె ఎట్ల మేడం? రేపు బండ్లు తిరగాలె, సామాన్ దిగాలె."

"అవును, ఎరువు బండి రావాలి కదూ. నాకు తట్టనే లేదు. నీకు చాలా థాంక్స్ భిక్షపతీ."

"థాంక్సులు తర్వాత మేడం. ముందుగాల కొబ్బరికాయ కొట్టుండ్రి. శుక్రారం, మంచిగడియ."

ఆవిడ కొట్టింది. అదే సమయానికి హయత్‌నగర్ వెళ్ళే బస్సొకటి అటుగా వచ్చింది. బస్సు మొత్తం ఒకే పక్కకు ఒరిగింది. ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద ఈ దృశ్యానికి రెండో అర్థం లేదు. తెల్లరాళ్ళు, ఎర్రనంబర్లు, నడిమి రోడ్డు, షామియానా, కొబ్బరికాయ. అక్షరం ముక్క రానివాడు కూడా చదివేయగలడు. వెంచర్ ఓపెనింగ్!

బస్సాగింది. ఒక జంట దిగింది.

ఆయన పేరు సత్యనారాయణ. సెక్రటేరియట్‌లో, విద్యాశాఖలో గుమస్తా. ఆమె అరుణమ్మ. తెనాలి దగ్గర్నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకుంటున్నారు. వాళ్ళ ఇంటి ఓనరు చుట్టాలొస్తే మొహం మాడ్చుకుంటుంది, చంటిపిల్లాడు ఏడిస్తే గోడ మీద కొడుతుంది. అరుణమ్మ దేవుణ్ణి కోరుతున్నది ఒకటే. తన గోడ మీద తను మేకు కొట్టుకునే రోజు. ఆ పూట సెలవు పెట్టించి మొగుణ్ణి స్థలాల వేటకు లాక్కొచ్చింది.

"ఇవాళే మొదలెట్టారాండీ?" అంది అరుణమ్మ.

"ఇదే ముహూర్తం. మొట్టమొదట వచ్చింది మీరే" అంటూ సూర్యప్రభ ఇద్దరికీ కొబ్బరిముక్కలు పెట్టింది.

"ఈస్ట్ ఫేసింగ్ ఉన్నాయా?"

తోట చూడగానే ఎండ గురించి అడిగిన ఇల్లాలిని సూర్యప్రభ మెచ్చుకోలుగా చూసింది. "అటు వరసంతా తూర్పేనమ్మా. పొద్దుటి ఎండ నేరుగా పడుతుంది."

"నేల గట్టిదేనా?"

"ఎర్రనేల. పైన కాస్త గుల్ల, లోపల గట్టి."

"పునాదికి ఢోకా లేదు" అని అరుణమ్మ మొగుడి చెవిలో ఊదింది. "నీళ్ళో?"

"అదొక్కటేనమ్మా దిగులు. పైవాడు కరుణించాలి."

"చూశారా, ఉన్నదున్నట్టు చెప్తోంది. ఇంకే వెంచర్‌లోనన్నా ఇలా చెప్పారా మనకి?"

సత్యనారాయణ గొంతు సవరించుకున్నాడు. "ధర ఎలా పెట్టారు మేడం?"

సూర్యప్రభ నవ్వింది. "ధరేమిటండీ! ఊరికే ఇస్తున్నాం. కాస్త ఒళ్ళు వంచాలి, అంతే. కాకపోతే ఇప్పుడు బయటివాళ్ళకి కాదు, మా స్టాఫ్‌కే. డిపార్ట్‌మెంటుకొకటి. అందరికీ సరిపోయి మిగిలితే తప్పకుండా మీకూ ఒకటి ఇస్తాను."

జంట కొబ్బరిముక్క మింగడం మర్చిపోయి రోడ్డెక్కింది.

"ఏవండీ, సెక్రటేరియట్‌లో ఇన్నేళ్ళుగా అరిగిపోతున్నారే, మీకెవరన్నా ఊరికే చారెడు నేలిచ్చారా?"

"నేలా? మొన్న వానలో నా గొడుగు తీసుకెళ్ళిన సూపర్నెంటు అదే తిరిగివ్వలేదు."

"సర్కారు భూమి వాళ్ళలో వాళ్ళు పంచేసుకుంటుంటే, విద్యాశాఖలో ఉండి మీరు కొబ్బరిముక్క నములుతూ నిలబడతారా?"

ఆ ప్రశ్న సూటిగా గుచ్చుకుంది. సత్యనారాయణ కొబ్బరిముక్క ఊసేశాడు.

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బస్సు మారేటప్పుడు టీ తాగుతూ ఆయన తన గోడు హోటలంతటికీ వినిపించాడు. "యూనివర్సిటీ స్థలమండీ! స్టాఫ్‌కి ఊరికే ఇస్తున్నారంట! నా చెవులతో విన్నాను!" పక్క బల్ల దగ్గర ఒకాయన సాసర్‌లోకి వంపిన టీ వంపినట్టే ఆగిపోయింది. ఆయన జనార్ధన్. యూనివర్సిటీ రిజిస్ట్రార్.

యూనివర్సిటీలో తనకు తెలియకుండా పిల్లి కూడా గోడ దూకదని జనార్ధన్ నమ్మకం. ఆ నమ్మకమే ఆయన కొంప ముంచింది. సంగతేమిటని సూర్యప్రభను అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. అడిగితే తనకు తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని తెలిసినవాడిలాగే స్కూటరెక్కి, తెలిసినవాడిలాగే వైస్ ఛాన్సలర్ గదిలోకి నడిచాడు.

"మేడం, ముందటి భూమి సంగతి నాకెర్కైంది."

సూర్యప్రభ గతుక్కుమంది. "తెలిసిపోయిందా? సోమవారం చెబుదామనుకున్నానండీ. మీరంతా ఏమంటారోనని భయపడ్డాను."

"ఏమంటం మేడం? దేవత లెక్క ఆలోచించిండ్రు. నాకు మటుకు కార్నర్ బిట్టే ఇయ్యాలె."

"మూలదా? రోడ్డు పక్కన కదండీ, గొడ్లు పడతాయి."

"గోడ కట్టిస్తా మేడం. నా సొంత ఖర్సు."

చాక్‌పీసులు సగానికి విరిచి వాడమంటే మొహం ముడుచుకున్న మనిషి ఈయనేనా! ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

అరగంట తిరక్కుండానే లెక్కల శాఖ హెడ్డు రామారావు వచ్చాడు. జనార్ధన్ ఆయనకేమీ చెప్పలేదు. కానీ మధ్యాహ్నం పూట రిజిస్ట్రార్ ఈలపాట పాడుతుంటే కారణం కనుక్కోకుండా ఉండేవాడు ఆ యూనివర్సిటీలో లేడు.

"నాకు తూర్పు వరస ఇప్పించండి మేడం. మా ఆవిడకి తూర్పు తప్ప పనికిరాదు."

"అలాగేనండీ. కానీ మీరు స్వయంగా దిగాలి. కూలివాళ్ళ మీద వదిలేస్తే కుదరదు."

"వదలను మేడం. సెలవు పెట్టి దగ్గరుంటాను."

"వాన లేని రోజు పొద్దున్నా సాయంత్రం తప్పకుండా నీళ్ళు కొట్టాలి. తెలుసుగా?"

"తెలియకేం మేడం? మొదటి పది రోజులూ నీళ్ళు సరిగ్గా కొట్టకపోతే నిలువునా బీటలు వారిపోవూ!"

"లెక్కల మాస్టారూ, మీకు నేల గురించి ఇంత తెలుసనుకోలేదండీ" అంది సూర్యప్రభ మనస్ఫూర్తిగా.

రామారావు వెనకాలే మళ్ళీ లోపలికొచ్చిన జనార్ధన్ బల్ల మీదకు వంగాడు. "ఒక్క ముచ్చట మేడం. తర్వాత అమ్ముకోవచ్చునా?"

"ముందు హాస్టల్‌కండీ. హాస్టల్ తీసుకోగా మిగిలింది మీరు ఇంటికి పట్టుకెళ్ళొచ్చు."

"ఇంటికి... ఎట్ల మేడం?"

"సంచీలో."

బయటికొచ్చాక రామారావు నెమ్మదిగా అడిగాడు. "సంచీలో అంటే ఏమిటండీ?"

"డాక్యుమెంట్లు సార్. రిజిస్ట్రేషన్ అయినంక సంచీల పెట్టి ఇస్తరు" అన్నాడు జనార్ధన్, ఆ సంచులు తనే కుట్టించినంత ధీమాగా. "హాస్టల్ అంటే, హాస్టల్ పేరు మీద కొంత వాటా తీస్తరన్నట్టు. రూల్సు ఉంటయి గద."

సాయంత్రంలోగా హెడ్డులందరూ వచ్చారు. అందరూ తెలిసినవాళ్ళలాగే మాట్లాడారు. అడిగినవాళ్ళకూ, అడగనివాళ్ళకూ సూర్యప్రభ చేతులెత్తి నమస్కారం పెట్టింది. ఇంత మంచి మనుషుల్ని దగ్గర పెట్టుకుని తను పోయి పోయి ప్రభుత్వాన్ని దేబిరించింది! ఆ రోజు బస్సులో సీటు ఇస్తే కూర్చుంది.

శనివారం తెల్లారేసరికి వార్త బాలకృష్ణా నగర్ చేరింది.

బాలకృష్ణ అక్కడి పాత రైతు కుటుంబం కుర్రాడు. తండ్రి భూముల్లో రాళ్ళు పాతి ఆ వెంచర్‌కు తన పేరే పెట్టుకున్నాడు. తెల్ల సఫారీ, తెల్ల బూట్లు, తెల్ల జీపు. వెంచర్‌కు ఒకటే లోపం. యూనివర్సిటీ వెనకాల ఇరుక్కుంది, మెయిన్ రోడ్డు లేదు. ఇప్పుడు ఈ పిడుగు. కొనడానికొచ్చినవాళ్ళు "ముంగట యూనివర్సిటోళ్ళు ఊకెనే ఇస్తున్నరంట గద" అని వెనుదిరుగుతున్నారు. కొట్లాడదామనే బయల్దేరాడు. కానీ వెళ్ళి చూసేసరికి, ఆ రాళ్ళ నడిమి దారి బాణంలా తన వెంచర్ వైపే వస్తోంది. బాలకృష్ణ బుర్ర గిర్రున తిరిగింది. ఇది శత్రువు కాదు. పార్ట్‌నర్!

"నమస్తె మేడం. నేను ఎనకాల బాలకృష్ణా నగర్ ఓనర్‌ని. మీరు మొదలువెట్టిన పని సూసిన. కమాల్ చేసిండ్రు."

"సంతోషమండీ. ఇంకా నీళ్ళ సంగతే తేలలేదు."

"అదే చెప్తున్న. నీళ్ళు లేకుంటె మనిషి నిలవడడు. మా తాన రిగ్గు బండి వచ్చి ఉన్నది. ఇయ్యాల్నే మీ తాన బోరేపిస్త. పైస వద్దు."

సూర్యప్రభ కుర్చీలోంచి లేచి నిలబడింది. "పైసా వద్దా? ఎందుకు బాబూ?"

"ఇరుగు పొరుగోళ్ళం మేడం. మీది మంచిగుంటె మాది మంచిగుంటది. మీ నడిమి తొవ్వల మావోళ్ళు జర వచ్చుడు పోవుడు ఉంటది. గంతే."

"నడవడానికేం బాబూ, నిక్షేపంగా నడవండి. మొక్కలు తొక్కకుండా ఉంటే చాలు."

రోడ్డు పొడుగునా మొక్కలు కూడా పెడుతున్నారా! చదువుకున్నవాళ్ళ వెంచర్ వేరు అనుకుంటూ బాలకృష్ణ రిగ్గు కోసం పరిగెత్తాడు. సూర్యప్రభ కిటికీలోంచి హాస్టల్ వైపు చూసింది. అక్కడ అమ్మాయిలు బకెట్లతో వరసలో నిలబడి ట్యాంకర్ కోసం ఎదురు చూస్తున్నారు. ఇంకొక్క పూట ఓపిక పట్టండమ్మా అనుకుంది.

ఫోను మోగింది. సెక్రటేరియట్.

"అక్కడ జరుగుతున్నదంతా మాకు తెలిసింది. డిప్యూటీ సెక్రటరీ గారు స్వయంగా చూడ్డానికి బయల్దేరారు."

"ఎంత సంతోషమండీ! నేనే పిలుద్దామనుకుంటున్నాను."

అటువైపు రిసీవరు టక్కున పెట్టేశారు. ఇంత తెగించిన మనిషిని ఆ ఆఫీసులో ఎవరూ ఎరగరు.

రిగ్గు మొదలైంది. ఆ మోత పక్క ఊరు దాకా వినిపించింది. ఆ ఊళ్ళో అండాలమ్మకు కూడా వినిపించింది.

అండాలమ్మ బాలకృష్ణకు పెద్దమ్మ. యూనివర్సిటీ కట్టిన నేల ఆమె భర్తది. ఆడపిల్లలు చదువుకోవాలని ఆయన ఇష్టంగా ఇచ్చేసి, బిల్డింగు లేవకముందే కన్నుమూశాడు. ఆమె ఎప్పుడూ ఆ గేటు దాటి లోపలికి రాలేదు. బస్సులో వెళ్తూ, పుస్తకాలు పట్టుకుని నడిచే పిల్లల్ని చూసి కొంగుతో కళ్ళొత్తుకునేది. అలాంటి నేలలో తెల్లరాళ్ళు పడ్డాయనీ, తన మరిదికొడుకే బోరేయిస్తున్నాడనీ విన్నది. ఇంకేం వినలేదు.

ఆ ఊళ్ళలో ఒక రివాజు ఉంది. చేనులో ఎవడన్నా రాళ్ళు పాతితే కోర్టుకు పోయేది తర్వాత. ముందు దున్నేస్తారు. రాళ్ళుంటే అది ప్లాటు. చాలు పడితే అది చేను. చేను ఎవడూ కొనడు.

"సత్తయ్యా, ట్రాక్టర్ తియ్యి. నాగలి కట్టు" అంది అండాలమ్మ.

ట్రాక్టర్ వచ్చేసరికి ఆ నేల మీద తిరనాళ్ళలా ఉంది. హెడ్డులంతా ఎవరి నంబరు రాయి దగ్గర వాళ్ళు భార్యలతో సహా నిలబడి ఉన్నారు. రామారావు భార్య తూర్పు వరసలో రాతికి పసుపు రాసి కర్పూరం వెలిగిస్తోంది. జనార్ధన్ కార్నర్ బిట్టులో అడుగులతో గోడ కొలుచుకుంటున్నాడు.

"లెవ్వు! రాళ్ళకాడికెల్లి లెవ్వుండ్రి!" ట్రాక్టర్ బంపర్ మీద నిలబడి అండాలమ్మ అరిచింది. "భూములు మింగే పట్వారి కడుపుల పుట్టిన్రా అందరు? చదువులకిచ్చిన భూమి అమ్ముకుంటరా?"

"అమ్మా, ఇది ప్రభుత్వ వ్యవహారం" అన్నాడు జనార్ధన్.

"నీ ఎవ్వారం నాగలి కింద చెప్పు. సత్తయ్యా, నడుపు!"

జనార్ధన్ కార్నర్ రాయి మీద కూర్చున్నాడు. సత్తయ్య చుట్టూ తిప్పి దున్నాడు. రిజిస్ట్రార్ ఒక్కడూ ద్వీపంలా మిగిలాడు. గొడవ విని హాస్టల్ అమ్మాయిలు బకెట్లతో సహా పరిగెత్తుకొచ్చారు. భూమి అమ్మేస్తున్నారంటే హాస్టల్ కూడా అమ్మేస్తున్నారనే అర్థం. ట్రాక్టర్ వెనకాల బారు కట్టి బకెట్లు వాయిస్తూ మొదలెట్టారు. "అమ్మనివ్వం! అమ్మనివ్వం!" సరిగ్గా ఆ వాయిద్యాల మధ్య విద్యాశాఖ జీపు దిగింది. ముందు డిప్యూటీ సెక్రటరీ, వెనక సత్యనారాయణ. ఆఫీసు జీపులో భార్యను ఎక్కించకూడదు గనక అరుణమ్మ బస్సులో వచ్చింది. బస్సే ముందొచ్చింది.

సూర్యప్రభ ఆఫీసులోంచి పరుగున వచ్చి ఆ దృశ్యం చూసి నిలువునా ఆగిపోయింది. నేలంతా దున్ని ఉంది. ఎర్రమట్టి చక్కగా తిరగబడి, గుల్లగా, తడిగా. ఈ గట్టినేల ప్రొఫెసర్ల పలుగులకు లొంగుతుందా అని ఆవిడ వారం రోజులుగా మథనపడుతోంది. నేరుగా అండాలమ్మ దగ్గరికెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది.

"తల్లీ, మీరెవరో నాకు తెలియదు. అడక్కుండానే దున్నించారు. మీ రుణం ఎలా తీర్చుకోను?"

తిట్టడానికి తెరిచిన నోరు అండాలమ్మ మూయలేదు. కొట్లాటకొచ్చినవాళ్ళకు దండం పెట్టేవాళ్ళతో ఎలా కొట్లాడాలో ఆమెకు అనుభవం లేదు.

డిప్యూటీ సెక్రటరీ ముందుకొచ్చాడు. "మేడం, ఈ భూమిని మీ స్టాఫ్‌కి ప్లాట్లు చేసి పంచుతున్నారని మాకు ఫిర్యాదు వచ్చింది."

సూర్యప్రభ మొహంలో రంగు మారింది. ఆయన్ని చూసింది. పసుపు రాసిన రాయిని చూసింది. కార్నర్ రాయి మీది జనార్ధన్‌ని చూసింది. 'ఈస్ట్ ఫేసింగ్', 'గోడ', 'బీటలు' అన్నీ ఒక్కసారిగా తలలో గింగిర్లు తిరిగాయి.

"ప్లాట్లు కాదండీ. మడులు" అంది నెమ్మదిగా. "ఇది తోటకూర. అది బెండ. రామారావు గారిది టమాటా. నెలాఖరుకల్లా దారి చూపకపోతే హాస్టల్ మూసెయ్యమని మీరే అన్నారు. మూస్తే ఈ పిల్లల్లో సగం మంది మళ్ళీ చదువుకోరు. కూరల ఖర్చు మిగిల్చి నీళ్ళు తెప్పిద్దామనుకున్నాను. అంతకు మించి నాకేం తెలియదండీ."

బకెట్ల మోత ఆగిపోయింది. హాస్టల్ మూసే మాట ఆ పిల్లలు వినడం అదే మొదటిసారి. ఒకమ్మాయి బకెట్ కిందపెట్టి మెల్లగా ఏడవడం మొదలెట్టింది. వెనకాల రిగ్గు మాత్రం తవ్వుతూనే ఉంది.

"మేడం" అంది కార్నర్ రాయి సన్నటి గొంతుతో. "గీ కార్నర్‌ల... ఏమొస్తది?"

"వంకాయండీ. మీరు సొంత ఖర్చుతో గోడ కట్టిస్తానన్నారు."

డిప్యూటీ సెక్రటరీ చప్పున తిరిగాడు. "సొంత ఖర్చుతోనా? రిజిస్ట్రార్ గారూ, మీలాంటివాళ్ళు ఉండబట్టే ఇంకా వానలు పడుతున్నాయండీ!" అంటూ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. జనార్ధన్‌కు ఆ చెయ్యి వెనక్కి తీసుకునే దారి దొరకలేదు.

ఈ మాటలన్నిటిలోనూ అసలు ప్రమాదాన్ని గ్రహించినవాడు ఒక్క బాలకృష్ణే. వంకాయలు! తను వంకాయలకు బోరేయిస్తున్నాడు! తెల్లబూట్లతో దుక్కిలో పడి లేస్తూ రిగ్గు వైపు పరిగెత్తాడు. "ఆపుండ్రి! అరేయ్, ఆపుండ్రి!"

రిగ్గువాడు ఆపడానికి చెయ్యి చాపాడు. అప్పుడే భూమి లోపల్నుంచి ఒక గుర్రు వినిపించింది. ముందు బురద, వెంటనే నీళ్ళు బుస్సుమని లేచి, షామియానా ఎత్తు దాటి, సరాసరి తెల్ల సఫారీ మీద పడ్డాయి.

అమ్మాయిలు కేకలు పెడుతూ బకెట్లు పట్టుకుని ఆ నీటి కిందికి ఉరికారు. ఏడ్చిన అమ్మాయే అందరికన్నా ముందు చేరింది. రామారావు భార్య వెలిగించిన కర్పూరం ఆరిపోయింది గానీ ఆవిడ అక్కడే నిలబడి నీళ్ళకు దండం పెట్టింది.

"పెద్దమ్మా, నన్ను మోసం చేసిన్రే!" అన్నాడు బాలకృష్ణ ఎర్రటి బురదలోంచి.

"ఎవరు చేసిన్రు రా? పైస వద్దన్నది నువ్వు గాదా?" అంది అండాలమ్మ. "పైకొచ్చిన నీళ్ళను మల్ల లోపల్కి తోల్తవా? నడువ్, మోటరు గూడ పట్టుకరా. ఆడివిల్లలు ఎన్నొద్దులు మోస్తరు నీళ్ళు?"

"మోటర్ గూడనా!"

"పైపులు గూడ. మీ పెదనాయన పేరు మీద అనుకో."

పెదనాయన పేరు చెబితే బాలకృష్ణ ఇంకేం అనలేడు. చిన్నప్పుడు తనను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని బడిలో దింపింది ఆయనే. మొహం తుడుచుకున్నాడు. నీళ్ళు తాగి చూశాడు. "తియ్యగనే ఉన్నయి" అన్నాడు ఎవరితోనో.

సూర్యప్రభ బాలకృష్ణ దగ్గరికి వచ్చి, రోడ్డు యూనివర్సిటీది గనక ఇవ్వడానికి తనకు అధికారం లేదనీ, కాలిబాటన ఎంతమందైనా నడవొచ్చనీ చెప్పి చేతులు జోడించింది. ఆ తర్వాత సత్తయ్యకు, రిగ్గువాడికి, అమ్మాయిలకు, హెడ్డులకు, చివరికి సత్యనారాయణకు కూడా నమస్కారం పెట్టింది.

"నాకెందుకు మేడం? ఫిర్యాదు చేసింది నేను" అన్నాడాయన తల దించుకుని.

"మీరు చెయ్యకపోతే ఇంతమంది వచ్చేవాళ్ళా బాబూ?"

అరుణమ్మ మొగుణ్ణి పక్కకు నెట్టి ముందుకొచ్చింది. "మేడం, మిగిలితే ఒకటి ఇస్తానన్నారు. మిగిలిందా?"

మిగిలింది. తూర్పు వరసలో చివరిది.

డిప్యూటీ సెక్రటరీ ఎదుట కాదనలేదు గనక హెడ్డులెవరూ వెనక్కి పోలేకపోయారు. మొదటి వారం తిట్టుకుంటూ తవ్వారు. రెండో వారం ఎవరి మడి బాగుందో చూసుకుంటూ తవ్వారు. మూడో వారానికి రామారావు టమాటా నారుకు పుల్లలు పాతి, వాటి మధ్య దూరాల మీద క్లాసులో ఒక లెక్క కూడా ఇచ్చాడు. జనార్ధన్ గోడ కట్టించాడు. దిల్‌సుఖ్‌నగర్ ఇంటి ఓనరు గోడ కొట్టే వేళకు అరుణమ్మ ఇంట్లో ఉండటం మానేసి, చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని మడి దగ్గరే ఉండేది. అక్కడ వాడు ఎంత ఏడ్చినా ఎవరూ గోడ కొట్టలేదు.

హాస్టల్ మూతపడలేదు. ఒక్క ట్రంకుపెట్టె కూడా ఊరికి తిరిగి వెళ్ళలేదు. తోట కాపుకొచ్చాక అండాలమ్మ మొదటిసారి గేటు దాటి లోపలికొచ్చి, కొళాయి తిప్పి, నీళ్ళు వస్తుంటే కాసేపు అలా చూస్తూ నిలబడింది. అమ్మాయిలు ఆమెను మెస్సులో కూర్చోబెట్టి వంకాయకూరతో అన్నం పెట్టారు. ఉప్పు తక్కువైందని చెప్పి, రెండోసారి వడ్డించుకుంది.

డిప్యూటీ సెక్రటరీ జరిగినదంతా ప్రభుత్వానికి గొప్పగా రాశాడు. సొంత కాళ్ళ మీద నిలబడిన విశ్వవిద్యాలయాన్ని ప్రభుత్వం మనసారా అభినందించి, ఇంత సమర్థులకు డబ్బుతో పనేముందని మరుసటి ఏడాది గ్రాంటు తగ్గించింది.